పక్కన స్కేలు పెట్టిన ఫోటోలు

మాల్యాద్రి ఫోను ఎవరి చేతికిచ్చినా ముందు నవ్వుతారు. తర్వాత, "ఇదేం పిచ్చయ్యా నీకు?" అని అడుగుతారు. అడగరా మరి! ఊళ్లో తండ్రులందరూ పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి, నవ్వమని బతిమాలి ఫోటోలు తీసుకుంటారు. ఈ మహానుభావుడి ఫోన్లో ఎదురుగా నిలబడి తీసిన ఫోటో ఒకే ఒక్కటుంది, దాని సంగతి చివర్లో చెబుతాను. మిగిలినవన్నీ నడినెత్తి మీద నుంచి తీసినవే. చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లాడిస్తున్న కూతురు చిట్టి, పక్కన స్టీలు స్కేలు. అన్నంలో వేలితో బావి తవ్వి పప్పు నింపుకుంటున్న కొడుకు ముఖేష్, పళ్లెం పక్కన అదే స్టీలు స్కేలు. తొట్టిలో కూర్చుని ఒకరి మొహాన ఒకరు నీళ్లు చల్లుకుంటున్న ఇద్దరూ, తొట్టి అంచున మళ్లీ స్కేలు. అక్కా తమ్ముడూ జుట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే, విడదీయాల్సిన మనిషి ముందు స్కేలు పెట్టి, ఫోటో తీసి, ఆ తర్వాత తీరిగ్గా విడదీశాడు. ఆ ఫోటో కూడా ఉంది. అడిగితే గర్వంగా చూపిస్తాడు.

ఊరికే పట్టిన పిచ్చి కాదది. మాల్యాద్రి రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. మనుబోలు నుంచి సముద్రం దిక్కుగా పోతే రోడ్డు సన్నబడి సన్నబడి చివరికి బండి చక్రం పట్టేంత కట్ట మిగులుతుంది. ఆ కట్టకు అటూ ఇటూ ఉన్నవి ప్రసాద్ గారి గుంటలు. ప్రసాద్ గారు నెల్లూరులో ఉంటారు. మాల్యాద్రి, అతని భార్య వనజాక్షి, తల్లి కామమ్మ, ఇద్దరు పిల్లలు కట్ట చివర రేకుల ఇంట్లో ఉంటారు. రొయ్య నీళ్ల అడుగున ఉంటుంది కాబట్టి అది మేత తింటున్నదీ లేనిదీ పైకి తెలియదు. అందుకని వల బిగించిన ఒక పళ్లెంలో కాస్త మేత వేసి నీళ్లలోకి దించుతారు. చెక్ ట్రే అంటారు దాన్ని. కాసేపటికి పైకి లాగితే అందులో నాలుగు రొయ్యలు ఎగురుతుంటాయి, మేత మిగిలిందో లేదో తెలుస్తుంది. మాల్యాద్రి రోజూ ఆ ట్రేని పైనుంచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ప్రసాద్ గారికి వాట్సాప్‌లో పంపుతాడు. స్కేలు ఉంటే రొయ్య ఎంత పెరిగిందో అక్కడ నెల్లూరులో కూర్చున్నాయనకు తెలుస్తుంది. ఉద్యోగం అదీ.

ఈ ఫోటో తీసే విద్య నేర్పినవాడు పెంచలయ్య. కావలి దగ్గర సొంత గుంటలున్న రైతు. పెళ్లి కాకముందు మాల్యాద్రి ఆయన దగ్గరే పనికి కుదిరాడు. మొదటిసారి ట్రే ఫోటో ఎట్టా తీశాడో ఏమో, పెంచలయ్య చూసి ఫోను విసిరేసినంత పని చేశాడు.

"ఏందిరా ఇది? రొయ్యని తీసినావా, నీ కాళ్ల నీడని తీసినావా? నిలువునా పైనుంచి తియ్యాల. నీడ పడకూడదు. పక్కన స్కేలు పెట్టాల. కొల్త లేని ఫోటో నాకు పంపబాకు. పంపినా చూడను."

అని తన జేబులోని స్టీలు స్కేలు తీసి ఇచ్చాడు. చాలా పాతది, మొదటి అంకెలు రెండూ అరిగిపోయాయి. ఆ మాట మాల్యాద్రి బుర్రలో శిలాశాసనమై కూర్చుంది.

ఇక ఆ పెంచలయ్య కూతురే వనజాక్షి. తల్లి చిన్నప్పుడే పోతే పెంచలయ్య మళ్లీ పెళ్లి మాటెత్తలేదు. తనే వండి, తనే వంకరటింకరగా జడలేసి పెంచుకున్నాడు. మధ్యాహ్నం గుంటల నుంచి పనివాళ్లు వస్తే అన్నం వడ్డించేది ఆ పిల్లే. వడ్డించే చెయ్యి ఒకరి పళ్లెం దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగడం మొదలైంది. తినేవాడికి ఆకలి కూడా అనుమానం వచ్చేంతగా పెరిగింది. అడిగితే పెంచలయ్య ఒప్పుకునేవాడేమో! ఈ ఇద్దరికీ అడిగే ధైర్యం లేక ఒకనాటి పొద్దున గుళ్లో దండలు మార్చుకుని, సాయంత్రం వచ్చి ఆయన కాళ్ల మీద పడ్డారు. తెలివితక్కువ పని. ఆ మాట ఇప్పటికీ ఇద్దరూ ఒప్పుకుంటారు.

పెంచలయ్య కొట్టలేదు, కేకలెయ్యలేదు. "నన్నొక మాట అడిగుంటే సరిపొయ్యేది గదమ్మా," అన్నాడు. వనజాక్షి ఏడుస్తూ నిలబడితే, "ఇంక నా కళ్లకి కనపడబాక," అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. బస్సెక్కాక చూసుకుంటే మాల్యాద్రి చొక్కా జేబులో ఆయన స్టీలు స్కేలు ఉంది. తిరిగిచ్చే మొహం లేక ఉంచుకున్నాడు.

ఆ రోజు బస్సులోనే మాల్యాద్రి మనసులో గట్టిగా అనుకున్నాడు. ఈమెకి ఉన్న ఒక్క నాయన్నీ దూరం చేసింది నేను, మళ్లీ తెచ్చిపెట్టాల్సిందీ నేనే. అనుకోవడం తేలికే. ఫోను చేస్తే పెంచలయ్య ఎత్తడు. మనిషిని పంపితే మాటమార్చి మేత ధరలు మాట్లాడతాడు.

చిట్టి పుట్టినప్పుడు ఆసుపత్రిలో మాల్యాద్రికి దారి తోచింది. గుడ్డలో చుట్టిన పిల్లను మంచం మీద పడుకోబెట్టి, పక్కన స్కేలు పెట్టి, కుర్చీ ఎక్కి నిలువునా పైనుంచి ఫోటో తీశాడు. నర్సమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"బిడ్డ పక్కన స్కేలేందయ్యా, గుడ్డ కొలిచినట్టు?"

"మా మామ స్కేలు లేకపోతే చూడడు సిస్టరమ్మా," అన్నాడు మాల్యాద్రి. అతను తమాషాకి అనలేదు.

ఫోటో పెంచలయ్య నంబరుకి పంపాడు. చేరినట్టు రెండు గీతలు పడ్డాయి. చూస్తే ఆ గీతలు నీలం రంగుకు మారాలి, మారలేదు. మర్నాడు ఇంకోటి పంపాడు. ఆ మర్నాడు ఇంకోటి. అప్పట్నుంచి అదొక నిత్యపూజ అయిపోయింది. పొద్దున ట్రే ఫోటో ప్రసాద్ గారికి, సాయంత్రం పిల్లల ఫోటో మామకి. చిట్టి బోర్లా పడింది, పాకింది, నడిచింది. ముఖేష్ పుట్టాడు, వాడూ బోర్లా పడ్డాడు. అన్నీ స్కేలు పక్కనే జరిగాయి. ఒక్కనాడూ నీలం గీత పడలేదు, ఒక్క అక్షరం రాలేదు.

కామమ్మకి ఈ గోల మొదట్నుంచీ గిట్టదు. "దినామూ పసిబిడ్డలకి కొల్తలేంది రా? దిష్టి తగలదా?" అని తిడుతూనే ప్రతి ఫోటోకి ముందు చంటోడి బుగ్గన కాటుక చుక్క పెట్టేది. ఆమెకు ఇంకో సిద్ధాంతం కూడా ఉంది. పెరిగే పిల్లలకి బట్టలెప్పుడూ పెద్దవి కొనాలి. అందుకని చిట్టి గౌన్లు పాదాల మీద జీరాడేవి, ముఖేష్ నిక్కరు మొలతాడు ఆసరాతో నిలబడేది, ఇద్దరి చెప్పులూ వాళ్లకన్నా వెనక నడిచి వచ్చేవి.

పిల్లలకైతే ఫోటో అంటే పడుకోవడమే. నాన్న ఫోను తీశాడంటే చాలు, ఎక్కడున్నా చటుక్కున వెల్లకిలా పడిపోయేవాళ్లు. ముఖేష్ పరిగెత్తి తలుపు సందులోంచి స్కేలు తెచ్చేవాడు. బడిలో పిల్లలందరికీ గ్రూపు ఫోటో తీయడానికి మనిషి వచ్చిన రోజున చిట్టి వరసలో నిలబడకుండా పోయి నేల మీద వెల్లకిలా పడుకుంది. టీచరు కంగారుపడి, "కళ్లు తిరిగినాయా పాపా?" అని లేవదీస్తే, "స్కేలు యాడ టీచర్?" అని అడిగిందట. ఆ ముచ్చట ఊరంతా పాకింది. మాల్యాద్రి టీకొట్టుకి పోతే, "అన్నా, ఒక గ్లాసు, పక్కన స్కేలు!" అని కేకలేసేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఫోటోలు మాత్రం ఆపలేదు.

వనజాక్షి ఏ ఫోటోలోనూ ఉండేది కాదు. పిల్లలకి తల దువ్వుతూ ఉన్నా, అన్నం పెడుతూ ఉన్నా, మాల్యాద్రి ఫోను ఎత్తగానే చెయ్యి చప్పున వెనక్కి తీసుకునేది. "ఉండవే, చెయ్యే గదా," అనేవాడు అతను.

"ఆయన కనపడబాక అన్నాడు. ఫోటోలో కనపడితే కనపడినట్టు కాదా?"

అంత మొండిది. అట్టని తండ్రి మీద మమకారం లేదా అంటే, సాయంత్రం అతను ఫోటో పంపగానే పొయ్యి దగ్గర నుంచి ఒక్కసారి తలెత్తి చూసేది. అడిగేది కాదు. మాల్యాద్రి తల అడ్డంగా ఊపేవాడు. ఆమె మళ్లీ గరిటె తిప్పుకునేది. ఆ ఒక్క చూపు తట్టుకోవడం మాత్రం మాల్యాద్రికి ఏ రోజుకారోజు కష్టంగానే ఉండేది.

ఇట్టా సాగుతుండగా, పోయిన వానాకాలంలో ముసురు పట్టిన ఒక పొద్దున ముఖేష్ మేత బస్తా మీదెక్కి బోర్లా పడి నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, ఒక చేత్తో బస్తా చెవి పట్టుకుని మరీ. ఆ ముద్దు చూసి మాల్యాద్రి సాయంత్రం దాకా ఆగలేక అప్పుడే స్కేలు పెట్టి ఫోటో తీశాడు. తర్వాత గుంటలోకి పోయి ట్రే లాగి దాన్నీ తీశాడు. రెండు ఫోటోల్లోనూ అదే స్కేలు, రెండూ పైనుంచే. చేతులు తడి, ఫోను తెర తడి, పైన చినుకులు. ఏది ఎవరికి పోయిందో చూసుకోకుండా రెండూ పంపేసి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ముందు ప్రసాద్ గారి నుంచి వచ్చింది. "ఏం మేత వేస్తున్నావ్ మాల్యాద్రీ? రొయ్య బుగ్గలు బ్రహ్మాండంగా ఉన్నాయ్."

మాల్యాద్రి నాలిక్కరుచుకున్నాడు. ముఖేష్‌ని ఓనరుకి పంపేశాడు! అంటే ట్రే ఎవరికి పోయినట్టు? గబగబా మామ నంబరు తెరిచాడు. తుడిచేద్దామని వేలు పెట్టబోతుంటే, ఇన్నేళ్లూ ఉలుకూ పలుకూ లేని ఆ నంబరు పైభాగాన 'టైపింగ్' అని కనిపించింది. మాల్యాద్రి కట్ట మీద అట్టే నిలబడిపోయాడు. అక్షరాలు వచ్చాయి.

"పేగు ఖాళీగా ఉంది. మేత ఆపు. ఏరియేటర్లన్నీ వెయ్యి."

ట్రేని మళ్లీ చూస్తే నిజమే. మేత మిగిలే ఉంది, రొయ్య వీపున నల్లగా కనపడాల్సిన పేగు గీత కనపడటం లేదు. ముసురుకి నీళ్లలో గాలి తగ్గింది. తనకూ తెలిసిన సంగతే, కొడుకు మురిపెంలో పడి చూడలేదు. పరిగెత్తి, నీళ్లని చిలికి గాలి నింపే ఏరియేటర్లన్నీ వేశాడు, మేత ఆపాడు, ప్రసాద్ గారికి ఫోను చేసి చెప్పాడు. ఆ తర్వాత బురద కాళ్లతోనే ఇంటికి ఉరికాడు.

"వనజా! మీ నాయన పలికినాడు!"

వనజాక్షి చేతిలో చేట కింద పెట్టేసింది. మొహం వెలిగిపోయింది. "ఏమన్నాడు? ఎవుర్ని చూసి పలికినాడు, చిట్టినా, చిన్నోణ్నా?"

మాల్యాద్రి తల గోక్కున్నాడు. "రొయ్యని," అన్నాడు.

ఫోను తీసుకుని చదివింది. వెలిగిన మొహం చల్లబడిపోయింది, దాని వెనకే కోపం వచ్చింది. అదీ మామూలు కోపం కాదు.

"నా బిడ్డ పుట్టింది, పలకలా. పళ్లొచ్చినాయి, పలకలా. చిన్నోడికి జొరమొచ్చి తగ్గింది, పలకలా. రొయ్యకి పేగు ఖాళీ అంటే మటుకు పరిగెత్తుకొచ్చినాడా! ఇంక నా బిడ్డల ఫోటో ఒక్కటి కూడా పంపబాకయ్యా ఆయనకి. ఆ రొయ్యల్నే చూసుకోమను."

"అదికాదు వనజా..."

"పంపినావంటే నామీద ఒట్టే."

కామమ్మ మూల నుంచి, "గమ్మునుండరా, దానికి మండి ఉండాది," అని కొడుక్కి సైగ చేసింది. ఒట్టు పెట్టాక ఏం చేస్తాడు? పిల్లల ఫోటోలు ఆపేశాడు. ట్రే ఫోటో మాత్రం రోజూ మామకీ పంపేవాడు. సందు దొరికింది, ఎట్టా వదులుతాడు! రోజూ ఒక్క ముక్క జవాబు వచ్చేది. "పర్లేదు." "సగం మేత." "పేగు నిండింది." గుంట కోలుకుంది. మాల్యాద్రికి సంతోషంగానూ ఉండేది, పిల్లల ఫోటోలు పోనందుకు బాధగానూ ఉండేది. సాయంత్రాలు ఇంట్లో దిగులుగా గడిచేవి. పిల్లలు అలవాటు కొద్దీ చాప మీద పడుకుని, ముఖేష్ స్కేలు పక్కన పెట్టుకుని, "నాన్నా, బిన్నా తియ్యి!" అని తొందరపెట్టేవాళ్లు. "ఈ రోజు లేదు లేరా," అనేవాడు. వనజాక్షి పొయ్యి దగ్గర నుంచి తలెత్తేది కాదు.

అట్టా కొన్ని రోజులు గడిచాయి. ఒక సాయంత్రం వనజాక్షి వాకిట్లో చేపలు కడుగుతుంటే మాల్యాద్రి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏమీ చెప్పకుండా ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఈసారి అక్షరాలు కాదు, మాట. ముందు ఒక దగ్గు వినపడింది. ఆ దగ్గుకే వనజాక్షి చేతులు ఆగిపోయాయి. ఆ తర్వాత పెంచలయ్య గొంతు.

"ట్రే బాగుండాది రా. ఇంక మేత పెంచు." వెనకెక్కడో ఏరియేటరు తిరుగుతున్న చప్పుడు. మళ్లీ దగ్గు. "ఏందిరా... సాయంత్రం ఫోటో రావటం లేదు? పిల్లోళ్లకి ఒంట్లో బాగానే ఉండాదా?"

వనజాక్షి మళ్లీ పెట్టమంది. పెట్టాడు. మళ్లీ పెట్టమంది. పొలుసులంటిన చేతులు అట్టే గాల్లో పెట్టుకుని వినింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మాల్యాద్రి తన తువ్వాలుతో తుడిచాడు.

"చూస్తానే ఉండాడయ్యా," అంది. "దినామూ చూస్తానే ఉండాడు ముసలోడు. ఆ నీలం గీత పడకుండా ఏదో నొక్కిపెట్టుకున్నాడు." అని ఏడుపులోనే నవ్వు వచ్చి, ఇంట్లోకి తిరిగి కేకేసింది. "చిట్టీ! తమ్ముణ్ణి పిలువు. స్కేలు తీసుకురాండి!"

చూడాలి ఆ సాయంత్రం పిల్లల సంబరం. పడుకున్న చోట పడుకోకుండా దొర్లి దొర్లి నవ్వారు, ఒక్క ఫోటో సరిగ్గా రాలేదు. అన్నీ పంపేశాడు మాల్యాద్రి. పెంచలయ్య జవాబివ్వలేదు. మర్నాడు ట్రేకి మాత్రం "పర్లేదు" అన్నాడు. అయినా ఇంట్లో ఎవరికీ బాధనిపించలేదు. వనజాక్షి ఇప్పుడు పొయ్యి దగ్గర నుంచి తలెత్తకుండానే, "పంపినావా?" అని గట్టిగా అడిగేది. చెయ్యి మాత్రం ఫోటోకి అడ్డం రానిచ్చేది కాదు. అది అట్టే ఉంది.

గుంట పట్టుబడికి వచ్చింది. ఎక్కడ, ఏ రోజో మాల్యాద్రి మామకీ రాసి పంపాడు. ఆ పొద్దున కట్ట మీద లారీ, ఐసు పెట్టెలు, వలలు లాగేవాళ్లు, తూకం దగ్గర ప్రసాద్ గారు, ఒకటే సందడి. ఆ సందట్లో ఒక పాత మోటారుసైకిలు కట్ట మీదుగా మెల్లగా వచ్చి ఆగింది. పంచె ఎగ్గట్టిన పెద్దాయన దిగి, హ్యాండిలుకి తగిలించిన గుడ్డసంచి తీసుకుని, ఎవరినీ పలకరించకుండా తూకం దగ్గరికి పోయి ఒక రొయ్యని చేతిలోకి తీసుకుని చూశాడు.

"కేజీకి ఎన్ని తూగినాయి రా?" అన్నాడు.

మాల్యాద్రి చేతిలో గంప జారిపోయింది. "మామా," అన్నాడు.

"ఏందిరా కొయ్యబారి నిలబడినావు? కౌంటు ఎంతంటే!" అన్నాడు పెంచలయ్య. కోపంగా అనాలనే అన్నాడు గానీ కోపం కుదరలేదు.

ఇంటి ముందు పిల్లలిద్దరూ ఆడుకుంటున్నారు. కొత్త మనిషి, పక్కన నాన్న, నాన్న చేతిలో ఫోను. ఇంకేం! ఇద్దరూ చటుక్కున నేల మీద వెల్లకిలా పడుకున్నారు. పెంచలయ్య వాళ్ల మీదకి వంగి నిలువునా పైనుంచి చూశాడు. ఆయన వాళ్లని ఎరిగింది ఆ వాటంలోనే గదా. "ఆఁ... వీళ్లే, వీళ్లే," అన్నాడు. ఆ వెంటనే నవ్వేశాడు. పంటి వరస అంతా కనిపించేలా నవ్వాడు.

కామమ్మ మంచినీళ్లిచ్చి చాప వేసింది. వనజాక్షి తలుపు చాటునే ఉండిపోయింది. పెంచలయ్య సంచిలోంచి బట్టలు తీశాడు. చిట్టికి పసుపుపచ్చ గౌను, ముఖేష్‌కి చొక్కా నిక్కరు, ఇద్దరికీ చెప్పులు. కామమ్మ గౌను ఎత్తి చూసి పెదవి విరిచింది. "చిన్నదైపోతదన్నా. పెరిగే బిడ్డ, పెద్ద సైజు తేవాల్సింది."

"తొడిగి చూడక్కా," అన్నాడు పెంచలయ్య.

తొడిగారు. గౌను మోకాలి కింద ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. భుజం భుజానికి కుదిరింది. ముఖేష్ నిక్కరుకి మొలతాడు అక్కర్లేకపోయింది. చెప్పులు తొడుక్కుని వాడు గుమ్మం దాకా పరిగెత్తి వచ్చాడు, ఒక్కటీ కాలు వదిలి వెనకబడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లలకి సరిపోయిన బట్టలు అవే. కామమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"చూడని బిడ్డలకి ఇంత కరెక్టుగా ఎట్టా తెచ్చినావన్నా?"

"చూడకేం! ఈడు దినామూ స్కేలు పెట్టి పంపినాడు గదా," అన్నాడు పెంచలయ్య. "ఆ ఫోన్లో వేళ్లతో పెద్దది చేసుకొని, స్కేలు గీతలు లెక్కపెట్టి కొలుచుకునేవాణ్ని. పాప పాదం ఎంతుండాదో, చిన్నోడి చెయ్యి ఎంత పెరిగినాదో నాకు తెలుసు. కావలి అంగట్లో వాడు, వయసెంత అని అడిగితే, వయసు కాదురా, పాదం కొల్త చెప్తా రాసుకో అన్నా."

మాల్యాద్రి ఇంటి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. స్కేలు లేకపోతే చూడడని అప్పుడెప్పుడో తను అన్న మాట ఇప్పుడు ఎంత బరువుగా వచ్చి మీద పడిందో అతనికే తెలుసు. సంతోషంతో ఒళ్లు తేలిపోయింది.

సంచి ఖాళీ అయింది. పెంచలయ్య దాన్ని మడుస్తూ, తలుపు వైపు చూడకుండా అన్నాడు. "నీకు మాత్రం ఏమీ తేలేదమ్మా. నీ కొల్త నాకు తెలవలా. ఇన్ని ఫోటోలు పంపినాడు, ఒక్క దాంట్లో అన్నా నువ్వు లేవు. ఒకసారి మటుకు, చిన్నోడికి బువ్వ పెడతా ఉంటే చెయ్యి తియ్యటం మర్చిపోయినట్టుండావు. అది నీ చెయ్యేనని పోల్చుకున్నా. అదొక్కటే విడిగా దాచి పెట్టుకున్నా."

వనజాక్షి తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. "నువ్వే గదా నాయనా, కనపడబాక అన్నావు."

"అంటి. కోపంలో ఏదో అంటి. అంటే మటుకు, ఫోటోల్లో కూడా కనపడకుండా పోతావా?" పెంచలయ్య మడిచిన సంచినే మళ్లీ మడిచాడు. "అచ్చం నా మొండితనమే వచ్చినాది గదమ్మా నీకు."

ఆమె వచ్చి ఆయన ఒళ్లో తల పెట్టి పసిపిల్లలా ఏడ్చేసింది. పెంచలయ్య ఆమె జడ చేతిలోకి తీసుకుని, విప్పి, మళ్లీ అల్లడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ వంకరగానే అల్లుతున్నాడు. తాత జడ వెయ్యడం చూసి చిట్టికి ఆశ్చర్యం ఆగలేదు. నాకూ వెయ్యి అని తన జడ కూడా విప్పుకుని వచ్చి కూర్చుంది.

కాసేపటికి అందరూ తేరుకున్నాక పెంచలయ్యే అన్నాడు. "రేయ్ మాల్యాద్రీ, ఒక ఫోటో తియ్యి రా. అందరం ఉండాం."

మాల్యాద్రి వెంటనే స్టూలు తెచ్చి ఎక్కాడు. ముఖేష్ పరిగెత్తి స్కేలు తెచ్చి తాత మోకాలి పక్కన పెట్టాడు. పెంచలయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, అరిగిపోయిన మొదటి అంకెల మీద బొటనవేలు రాశాడు. "నాదే ఇది," అన్నాడు. తన చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇదెందుకు రా ఇంక? మనుషులం ఇక్కడే ఉండాం గదా. దిగు, దిగు. ఎదురుగా నిలబడి తియ్యి."

మాల్యాద్రి స్టూలు దిగి వాళ్లకి ఎదురుగా నిలబడ్డాడు. ఎంత దూరంలో నిలబడాలో తెలియక రెండడుగులు ముందుకీ వెనక్కీ వేశాడు. ఎదురుగా ఉన్న ఫోటోకి ఎట్టా కూర్చోవాలో పిల్లలకీ తెలియదు. "పడుకోవద్దా నాన్నా?" అని చిట్టి అడుగుతుండగానే నొక్కాడు. ఆ ఫోటోలో చిట్టి నోరు తెరిచి ఉంటుంది, ముఖేష్ తాత జేబులో స్కేలు కోసం చెయ్యి పెట్టి ఉంటాడు, కామమ్మ ఎవరికి కాటుక చుక్క పెట్టడం మర్చిపోయానా అని చూస్తుంటుంది. మధ్యలో వనజాక్షి ఉంటుంది, సగం అల్లిన జడతో, తండ్రి భుజానికి ఆనుకుని, సూటిగా మనల్నే చూస్తూ.